కార్బురేటర్‌పై మోపిన నింద

నా పాత మోటారు సైకిలు ఆరు నెలల పాటు నన్ను ఒకే తీరుగా వేధించింది. చల్లగా ఉన్నప్పుడు చోకు (ఇంజనుకు పోయే గాలిని తగ్గించే మీట) లాగి రెండు కిక్కులు కొడితే చక్కగా స్టార్టయ్యేది. మొదటి పదిహేను ఇరవై నిమిషాలు వంక పెట్టడానికి వీల్లేకుండా నడిచేది. ఆ తరువాత ఎత్తు ఎక్కేటప్పుడో, వెనుక మనిషిని ఎక్కించుకున్నప్పుడో మిస్సింగ్, అంటే మధ్యమధ్య ఇంజను మండడం తప్పడం, మొదలయ్యేది. సైలెన్సర్‌లో టపటపమని రెండు మూడు పేలుళ్లు వినిపించేవి, మరో కిలోమీటరు లోపల ఇంజను పూర్తిగా ఆగిపోయేది. ఇక ఎంత తన్నినా లేచేది కాదు. పక్కకు తీసి పావుగంట నిలబెట్టి, ఇంజను మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాక తన్నితే, అసలేమీ జరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. దీనికి తోడు మరో చిన్న జబ్బు కూడా ఉండేది: యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం వెంటనే పడిపోకుండా, కాసేపు పైనే ఉండి తీరిగ్గా దిగేది.

బండి ముప్పై ఏళ్లు దాటినది. ఒక సిలిండరు, నాలుగు స్ట్రోకుల ఇంజను, గాలికే చల్లబడే తీరు, పెట్రోలునూ గాలినీ కలిపి ఆ మిశ్రమాన్ని ఇంజనుకు పంపే స్లైడు కార్బురేటరు, బ్యాటరీతో పనిచేసే కాంటాక్ట్ పాయింట్ల ఇగ్నిషన్ (ఇంజను తిరిగేకొద్దీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లతో ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు). ఇంత సరళమైన యంత్రంలో తప్పు కనిపెట్టడానికి ఆరు నెలలు ఎందుకు పట్టిందంటే, మొదటి మూడు నెలలు నేను వెతకలేదు, ఊహించాను. పాత బండి సరిగా నడవకపోతే అందరిలాగే నా చెయ్యి కూడా ముందుగా కార్బురేటర్ మీదికే పోయింది. అది బయటికి కనిపిస్తుంది, తేలిగ్గా ఊడుతుంది, లోపల కడగడానికి పెట్రోలు పోయే సన్నని రంధ్రాలున్న చిన్న చిన్న ఇత్తడి జెట్లు ఉంటాయి. కడిగితే ఏదో పని చేసినట్టు మనసుకు తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తి కోసమే దాన్ని మూడుసార్లు విప్పానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మూడోసారి విప్పినప్పుడు చేసిన పని మరీ ఘోరం. బరువు మీద మిస్సింగ్ వస్తోంది కాబట్టి పెట్రోలు చాలడం లేదని తేల్చుకుని, ఒకే సాయంత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచినప్పుడు పెట్రోలు పంపే మెయిన్ జెట్టును ఒక సైజు పెద్దది చేశాను, మధ్య వేగాల్లో పెట్రోలును అదుపు చేసే సూది అయిన నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించి నీడిల్‌ను పైకి లేపాను. మరునాడు ప్లగ్ విప్పి చూస్తే మసితో నల్లగా ఉంది. అయితే పెట్రోలు ఎక్కువైందనుకుని, ఐడిలింగ్‌లో (బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు) మిశ్రమాన్ని సరిచేసే పైలట్ స్క్రూను బిగించాను. అంటే ఒక చేత్తో పోస్తూ మరో చేత్తో తోడేస్తున్నాను. ఈ మూడు మార్పుల తరువాత బండి చల్లగా ఉన్నప్పుడు కూడా సరిగా నడవడం మానేసింది. ఏ లక్షణం పాత జబ్బుదో, ఏది నా వైద్యం వల్ల వచ్చిందో చెప్పలేని స్థితికి వచ్చాను.

అక్కడ ఆగి, బండి పుస్తకంలో ఉన్న కొలతల ప్రకారం అన్నిటినీ కంపెనీ అమరికకు తిరిగి తెచ్చాను. పాత మెయిన్ జెట్టు, నీడిల్ మధ్య గాడి, పైలట్ స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్లు తిరిగి విప్పడం. ఆ స్క్రూ విషయంలో ఒక మాట చెప్పాలి. అది కార్బురేటర్‌కు ఇంజను వైపున ఉంటే విప్పినకొద్దీ మిశ్రమం చిక్కబడుతుంది, అంటే అందులో పెట్రోలు పాలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టరు వైపున ఉంటే అది గాలిని అదుపు చేసే స్క్రూ కాబట్టి, విప్పినకొద్దీ మిశ్రమం పలచబడుతుంది. ఈ తేడా తెలియక తిప్పితే మందు విషమవుతుంది. పూర్తిగా మూసేటప్పుడు కూడా వేళ్లతో తేలిగ్గా ఆనేదాకా మాత్రమే తిప్పాలి. బలంగా బిగిస్తే దాని సన్నని కొన కార్బురేటర్ బాడీలోని రంధ్రాన్ని వెడల్పు చేసి శాశ్వతంగా చెడగొడుతుంది. ఆ తరువాత ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలని, చేసిన వెంటనే తేదీతో రాసుకోవాలని నియమం పెట్టుకున్నాను.

నిజమైన వెతుకులాట ఒక చిన్న ప్రశ్నతో మొదలైంది: ఇంజను ఆగిపోయిన ఆ క్షణంలో దానికి లేనిది ఏమిటి? పెట్రోలా, సరిపడా గాలా, కంప్రెషనా (పిస్టను మిశ్రమాన్ని నొక్కి పుట్టించే ఒత్తిడి), నిప్పురవ్వా? ఇంటికి వచ్చి చల్లబడ్డాక ఈ ప్రశ్న అడిగితే బండి జవాబు చెప్పదు, ఎందుకంటే చల్లబడ్డాక దానికి ఏ జబ్బూ లేదు. రోగం ఉన్నప్పుడే నాడి చూడాలి. అందుకని ప్లగ్ స్పానరు, స్క్రూ డ్రైవరు, ఒక గాజు సీసా, ఒక కొత్త ప్లగ్, మల్టీమీటరు సంచిలో వేసుకుని, కావాలనే బండిని ఆగిపోయేదాకా నడపడం మొదలుపెట్టాను.

మొదటిసారి ఆగినప్పుడు ముందుగా ట్యాంకు మూత తీశాను. మూతకు ఉండే గాలి రంధ్రం పూడుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ధార సన్నగిల్లుతుంది. లక్షణాలు అచ్చంగా నా బండివే: కొంత దూరం బాగా నడవడం, తరువాత బలహీనపడి ఆగడం, కాసేపటికి మళ్లీ బాగుపడడం. అదే తప్పయితే మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు రావాలి, నిమిషంలో బండి లేవాలి. చప్పుడూ రాలేదు, బండీ లేవలేదు. తరువాత కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి సీసాలోకి పట్టాను. గిన్నె నిండుగా ఉంది. పెట్రోలు ట్యాప్ తెరిస్తే ధార ఆగకుండా కారింది. సీసా అడుగున నీటి బొట్లు గానీ తుప్పు నలుసులు గానీ లేవు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, వాడకుండా నిలబెట్టే పాత బండ్లలో ఈ సీసా పరీక్ష తప్పక చేయదగినది. మొత్తం మీద ఇంజను చచ్చిన క్షణంలో పెట్రోలు పుష్కలంగా ఉందని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. మూడు నెలలు నేను కడిగిన కార్బురేటర్ ఆ ఐదు నిమిషాల్లో సగం నిర్దోషి అయింది.

సగం అనడానికి కారణం, వేగం వెంటనే దిగకపోవడం అనే రెండో జబ్బు. ఇది చాలావరకు మిశ్రమం పలచబడిందనడానికి గుర్తు. నడుస్తున్న ఇంజనుకు చోకు కొద్దిగా లాగి చూడడం దీనికి అతి సులువైన పరీక్ష. చోకు లాగితే నడక మెరుగుపడితే గాలి ఎక్కువైందని, ఇంకా చెడితే పెట్రోలే ఎక్కువైందని అర్థం. నా బండి మెరుగుపడింది. కార్బురేటర్‌కూ సిలిండర్ హెడ్డుకూ మధ్య ఉండే రబ్బరు జాయింటు మీద అనుమానం కలిగి, ఐడిలింగ్‌లో ఉండగా చిన్న స్ప్రే సీసాతో దాని చుట్టూ నీళ్లు చల్లాను. ఒక చోట తడి తగలగానే ఇంజను శబ్దం మారింది. కొందరు దీనికి మండే స్ప్రేలు వాడతారు. వేడి ఇంజను మీద ఆ పని నాకు ఇష్టం లేదు. జాయింటు ఊడదీసి చేత్తో వంచితే, ఉన్నపాటున కనిపించని సన్నని పగులు అడుగు వైపున నోరు తెరిచింది. కొత్త జాయింటు వేయగానే యాక్సిలరేటర్ వదిలిన వెంటనే వేగం దిగడం మొదలైంది.

పుస్తకంలో ఒక వరుసకు టిక్కు పెట్టాను గానీ, మరునాడు బండి యథాప్రకారం ఇరవై నిమిషాలకు ఆగింది. ఒక బండిలో ఒకే తప్పు ఉంటుందని మనం అనుకోవడం మన సౌకర్యం కోసమే. ముప్పై ఏళ్ల యంత్రానికి ఆ మర్యాద తెలియదు.

వేడెక్కితే ఆగి, చల్లబడితే లేచే బండిలో వాల్వులను నొక్కి తెరిచే ట్యాపెట్లను కూడా అనుమానించాలి. వాల్వు సీటు అరుగుతున్నకొద్దీ వాల్వు లోపలికి కూర్చుంటుంది, వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఉండే సందు, అంటే క్లియరెన్స్, తగ్గుతుంది. ఇంజను వేడెక్కి వాల్వు సాగినప్పుడు అది పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. టకటక శబ్దం చేసే ట్యాపెట్‌ను చూసి అందరూ భయపడతారు గానీ, నిజంగా భయపడవలసింది ఏ శబ్దమూ చేయని దాన్ని చూసి. ఇంజను రాత్రంతా చల్లబడ్డాక, పిస్టను కంప్రెషన్ స్ట్రోకులో పైకొనకు వచ్చి రెండు రాకర్లూ వదులుగా ఉన్న స్థితిలో కొలిచాను. నా బండి పుస్తకం ఇన్‌టేక్‌కు 0.05, ఎగ్జాస్ట్‌కు 0.10 మిల్లీమీటర్లు చెబుతుంది. ఇన్‌టేక్ సరిగానే ఉంది, ఎగ్జాస్ట్‌లో సందు కొలిచే 0.05 ఫీలరు రేకు కూడా బిగువుగానే దూరింది. సరిచేశాను. ఐడిలింగ్ కాస్త నెమ్మదించింది, కిక్కుకు ఎదురు బలం కొంచెం పెరిగినట్టు కాలికి తెలిసింది. అయినా బండి ఆగడం మానలేదు. ఆగిన చోట కిక్కు నెమ్మదిగా చేత్తో నొక్కి చూస్తే కంప్రెషన్ గట్టిగానే తగిలింది. ఇక మిగిలింది నిప్పురవ్వ.

నిజానికి ఈ దారిలోకి ముందే రావలసింది. నన్ను పక్కదారి పట్టించింది నేనే చేసిన ఒక పరీక్ష. మొదటి వారంలోనే ప్లగ్ ఊడదీసి, సిలిండర్ హెడ్డుకు ఆనించి, కిక్కు కొట్టి రవ్వ చూశాను. నీలంగా, చటుక్కుమని కనిపించింది. దాంతో ఇగ్నిషన్‌లో లోపం లేదని రాసేసుకున్నాను. ఆ పరీక్షలో రెండు లోపాలున్నాయి. ఒకటి, చల్లని బండి మీద చేశాను. రెండోది ఇంకా ముఖ్యమైనది: బయటి గాలిలో ప్లగ్ సందును రవ్వ దాటడం తేలిక, సిలిండర్ లోపల ఒత్తిడికి లోనైన మిశ్రమంలో దాటడం కష్టం. యాక్సిలరేటర్ ఎంత ఎక్కువ తెరిస్తే సిలిండరు అంత ఎక్కువ నిండుతుంది, ఒత్తిడి అంత పెరుగుతుంది, రవ్వకు అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే బలహీనమైన ఇగ్నిషన్ సమతలం మీద నెమ్మదిగా పోతున్నప్పుడు నెట్టుకొస్తుంది, ఎత్తు ఎక్కగానే చేతులెత్తేస్తుంది. పెట్రోలు చాలని బండి కూడా సరిగ్గా అక్కడే తడబడుతుంది కాబట్టి, ఒకరి తప్పును మరొకరి మీద వేయడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. ప్లగ్ నల్లబడడం కూడా అంతే. రవ్వ సరిగా పడక కాలని పెట్రోలు మసిగా మిగులుతుంది, చూసేవాడు మిశ్రమం చిక్కగా ఉందనుకుంటాడు. కాలని ఆ మిశ్రమమే వేడి సైలెన్సర్‌లోకి పోయి అంటుకుంటే నేను విన్న టపటపలు వస్తాయి.

ఈసారి ఆగిన వెంటనే, కొత్త ప్లగ్ తొడిగి, హెడ్డుకు ఆనించి చూశాను. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది కాబట్టి, రవ్వను ఆ రంధ్రానికి దూరంగా పెట్టడం అవసరం. రవ్వ పడింది గానీ సన్నగా, నారింజ రంగులో, ఒక కిక్కుకు పడితే రెండు కిక్కులకు పడకుండా ఉంది. బ్యాటరీలో 12.4 వోల్టులున్నాయి. పాయింట్లు మూసుకుని ఉండగా, ప్లగ్‌కు కావలసిన పెద్ద వోల్టేజీని పుట్టించే కాయిల్ దగ్గర కొలిస్తే 11.3 మాత్రమే వచ్చింది; దారిలో ఒక వోల్టు కన్నా ఎక్కువే ఎవరో మింగుతున్నారు. తాళం స్విచ్చు, హ్యాండిల్ మీది కిల్ స్విచ్చు విప్పి కాంటాక్టులు శుభ్రం చేస్తే 12 దాటింది. ఇది లాభమే గానీ రోగానికి మూలం కాదు, ఎందుకంటే స్విచ్చు మురికికి ఇంజను వేడితో సంబంధం లేదు.

వేడితో సంబంధం ఉన్నవి రెండు: కాయిల్, కండెన్సర్. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లోని మొదటి తీగచుట్ట అయిన ప్రైమరీలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అవి తెరుచుకోగానే ఆ క్షేత్రం కూలిపోయి, రెండో చుట్ట అయిన సెకండరీలో వేల వోల్టులు పుట్టి ప్లగ్‌కు పోతాయి. ఆ కూలడం ఎంత వేగంగా జరిగితే రవ్వ అంత బలంగా ఉంటుంది. విడిపోతున్న పాయింట్ల మధ్య కరెంటు మెరుపులా దూకడానికి ప్రయత్నిస్తుంది. దూకనివ్వకుండా ఆ తాకిడిని తనలోకి తీసుకునేది కండెన్సర్. బొటనవేలంత డబ్బా, సుమారు 0.2 మైక్రోఫారడ్. అది బలహీనపడితే రవ్వ ప్లగ్ దగ్గర కాకుండా పాయింట్ల దగ్గర పడుతుంది. పాయింట్ల మూత తీసి, చీకటిలో ఇంజను నడిపి చూస్తే, మామూలుగా చిన్న నీలి మెరుపు మాత్రమే కనిపించవలసిన చోట పసుపుపచ్చని రవ్వలు చిటపటలాడాయి. పాయింట్లలో ఒకదాని మీద గుంట, మరొకదాని మీద బొడిపె. దొంగ దొరికాడనుకున్నాను.

కొత్త కండెన్సర్ వేశాను. మరునాడు పద్దెనిమిది నిమిషాలకే ఆగిపోయింది.

ఈ ఒక్క దెబ్బకు మరో మూడు వారాలు పోయాయి. కొత్తది వేసినా తప్పు మిగిలింది కాబట్టి కండెన్సర్ నిర్దోషి అని పుస్తకంలో రాసుకుని, కాయిల్ వెంట పడ్డాను. కొత్త కాయిల్ తెచ్చే ముందు ఉన్నదాన్ని నిందించవచ్చో లేదో చూద్దామని, చల్లని ఇంజనును ఐడిలింగ్‌లో పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ట్యాంకు కింది కాయిల్‌ను చెయ్యి కాలేంతగా వేడి చేశాను. ఇంజను శబ్దంలో ఇసుమంత తేడా రాలేదు. నిజంగా కాయిల్‌దే తప్పయితే అక్కడే తడబడాలి. వేడి చేసి ఒకదాన్ని వదిలించుకున్నాను కాబట్టి, చల్లార్చి మరొకదాన్ని పట్టుకోవచ్చు కదా అని అప్పుడు తట్టింది. తరువాతిసారి బండి ఆగగానే పాయింట్ల మూత విప్పి, నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను పాయింట్లకు తగలకుండా కండెన్సర్ మీద మాత్రమే రెండు నిమిషాలు ఉంచాను. ఇంజను ఇంకా సెగలు కక్కుతూనే ఉంది. మామూలుగా అయితే పావుగంట ఆగాలి. మొదటి కిక్కుకే స్టార్టయింది. మూడు నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. మళ్లీ తడి గుడ్డ, మళ్లీ స్టార్టు. ఆ రోడ్డు పక్కన నాలుగుసార్లు ఇదే చేశాను, అవసరం ఉండి కాదు, ఆరు నెలల తరువాత బండి నేను చెప్పినట్టు ఆగుతూ లేస్తూ ఉంటే చూడడం బాగుండి.

అంటే కొత్తగా వేసిన కండెన్సర్ కూడా పాతదాని అన్నే. భాగం కొత్తదైనంత మాత్రాన మంచిదని నమ్మడం నా తర్కంలోని రంధ్రం. ఎక్కువకాలం అరలో పడి ఉన్నదో, నాసిగా తయారైందో, చల్లగా కొలిస్తే సరిగానే చూపి వేడికి లొంగిపోయే రకం. మూడోదాన్ని ఇంజను లోపల కాకుండా, కాయిల్ పక్కన ట్యాంకు కింద ఫ్రేముకు బిగించి, పాయింట్ల నుంచి వచ్చే తీగకు కలిపాను. విద్యుత్తు పరంగా అది ఉన్న చోటు అదే. ఇంజను వేడి మాత్రం తగలదు. డబ్బాకూ ఫ్రేముకూ మధ్య రంగు గీకి, ఎర్త్ గట్టిగా తగిలేలా చూశాను.

పాయింట్లను కూడా మార్చక తప్పలేదు. గుంటా బొడిపే ఉన్న పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ పెడితే అది బొడిపె కొనను కొలుస్తుంది గానీ అసలు సందును కాదు, అందుకే నా పాత కొలతలన్నీ అబద్ధం. కొత్తవాటికి 0.35 మిల్లీమీటర్ల సందు పెట్టి, ఆ తరువాత టైమింగ్ (రవ్వ పడే సమయం) చూశాను. ఈ వరుస తారుమారు కాకూడదు, ఎందుకంటే సందు పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. క్యామ్ మీద రాసుకునే ఫైబరు మడమ అరిగేకొద్దీ సందు తానంతట తానే తగ్గుతుంది కాబట్టి, పట్టించుకోని బండి టైమింగ్ ఏళ్ల తరబడి నెమ్మదిగా వెనక్కి జరుగుతూ, పికప్ తగ్గుతూ, ఇంజను మరింత వేడెక్కుతూ ఉంటుంది. పాయింట్ల తీగకూ ఎర్త్‌కూ మధ్య చిన్న బల్బు కట్టి, తాళం తిప్పి కరెంటు ఇచ్చి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పాను. దాని మీద రవ్వ పడవలసిన చోటు చెప్పే ఎఫ్ గుర్తు గీతకు సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు, అంటే పాయింట్లు తెరుచుకోగానే, బల్బు వెలిగేలా పాయింట్ల ప్లేటును జరిపి బిగించాను. మొదట వెలిగింది గుర్తు దాటి దాదాపు వేలెడు దూరం పోయాక.

ఆ తరువాత రెండు నెలలుగా బండి దారిలో ఆగలేదు. మండుటెండలో గంటన్నర ఏకబిగిన నడిపాను, ఎత్తుల మీద రెండో మనిషితో ఎక్కాను, ఐడిలింగ్‌లో పది నిమిషాలు కావాలనే నిలబెట్టాను. ప్లగ్ పింగాణీ ఇప్పుడు లేత గోధుమ రంగుకు తిరిగింది. అదీ కార్బురేటర్ కంపెనీ అమరికలో ఉండగానే.

అయితే పావు వంతు యాక్సిలరేటర్ దగ్గర ఒక చిన్న నసుగుడు మిగిలి ఉంది. పట్టు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టి చూశాను. మూసినప్పుడు, ముప్పావు దాటాక ఏమీ లేదు, సరిగ్గా స్లైడు లేచి నీడిల్ పని అందుకునే చోటే ఉంది. చోకు కొద్దిగా లాగితే ఇంకా ఎక్కువవుతోంది కాబట్టి అక్కడ పెట్రోలు కాస్త ఎక్కువ పోతోంది. ముప్పై ఏళ్లు నీడిల్ రాసుకుని నీడిల్ జెట్టు రంధ్రం కోలగా అరిగి ఉండాలి. అంటే ఈసారి నిజంగానే కార్బురేటర్ తప్పు. నీడిల్‌నూ జెట్టునూ జతగా తెప్పించాను. ఆదివారం నాలుగోసారి విప్పుతున్నాను. పుస్తకంలో తేదీ ముందే రాసి ఉంచాను, దాని ఎదుట ఒక్క మార్పుకే చోటు వదిలాను.